అల్ సద్‌లో సీక్రెట్ కోచింగ్

పోయిన నెల ఒక శుక్రవారం మధ్యాహ్నం అల్ సద్‌లో ఉన్న స్నేహితురాలి ఇంటికి భోజనానికి వెళ్ళాను. దోహాలో శుక్రవారం భోజనమంటే తినడం తక్కువ, వద్దు వద్దంటూ వడ్డించుకోవడం ఎక్కువ. బిర్యానీ గిన్నె చుట్టూ చేరి మేమందరం ఆ కార్యక్రమంలో మునిగి ఉండగా ఆమె కూతురు, పద్నాలుగేళ్ళ పిల్ల, బూట్లు వేసుకుని హాల్లోకి వచ్చి, "అమ్మా, నా గ్రూప్‌కి టైమైంది, వెళ్తున్నా" అంది. అతిథుల్లో ఒక పెద్దాయన మర్యాద కోసం, "ఏం గ్రూపమ్మా, డాన్సా?" అని అడిగాడు. "కాదంకుల్, యాంగ్జయిటీ గ్రూప్. భయం, దిగులు ఎక్కువగా ఉన్న పిల్లలం కూర్చుని స్కిల్స్ నేర్చుకుంటాం." ఆయన "మంచిదమ్మా" అని, పెరుగుపచ్చడి కాస్త ఇటు జరపమన్నాడు. వాళ్ళమ్మ వంటింట్లోంచి నీళ్ళ సీసా మరిచిపోవద్దని కేకేసింది. పిల్ల లిఫ్ట్ ఎక్కేసింది. ఎవరి చెయ్యీ ఆగలేదు, నా చెయ్యి తప్ప. ముద్ద నోటి దాకా వచ్చి, అడ్రస్ మరిచిపోయిన టాక్సీలా అక్కడే నిలబడిపోయింది. ఆ పిల్ల ఒక్క వాక్యంలో తేల్చేసిన సంగతిని దాచడానికి మా అమ్మకు ఒక టైఫాయిడ్, ఒక కామెర్లు, లెక్కలేనన్ని దగ్గులు ఖర్చయ్యాయి మరి.

నాకు ఆ పిల్ల వయసున్నప్పుడు మేం దోహాలోనే ఉమ్ ఘువైలినాలో ఉండేవాళ్ళం. రెండు గదుల ఫ్లాటు. మెట్లెక్కుతుంటే ఒక్కో అంతస్తులో ఒక్కో దేశం వంట వాసన పలకరించేది. కింద కొబ్బరినూనె, ఆ పైన ఎండుచేప, మా అంతస్తుకు చేరేసరికి మా అమ్మ పోపులో ఎండుమిరపకాయలు. ఎదురింటి నుంచి బఖూర్ అనే అరబ్బు సాంబ్రాణి పొగ వచ్చి వాటన్నిటికీ దుప్పటి కప్పేది. అమ్మ ఎండాకాలం మేడమీద వడియాలు పెట్టేది. ఖతర్ ఎండకు అవి మధ్యాహ్నానికల్లా ఎండేవి, సాయంత్రానికల్లా దుమ్ముతో రుచి మారేవి. ఆ కరకరలో ఎంత మినప్పిండో ఎంత ఎడారో చెప్పలేకుండా తినేవాళ్ళం.

మా నాన్న ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో ముందే పసిగట్టడం ఆయన డ్యూటీ. సైటు దిగినా ఆయనకు ఆ డ్యూటీ దిగేది కాదు. అమ్మ అటక మీది డబ్బా తీయడానికి స్టూలెక్కితే, "ఆగు, స్టూల్ పట్టుకునే మనిషి ఏడి?" అని పరుగెత్తుకొచ్చేవాడు. పొద్దున చాయ్ తాగుతూ మాకు కూడా సైట్లో కూలీలకు చెప్పినట్టే ఆ రోజు ప్రమాదాల జాబితా చెప్పేవాడు. తడి బాత్రూం, వేడి నూనె, లూజు ప్లగ్గు. అన్నీ చెప్పేవాడు గానీ, ఆయన జాబితాలో లేని ప్రమాదం నా ఛాతీలో పుట్టింది.

ఎలా పుట్టిందో నాకు సరిగ్గా తెలియదు. బడిలో పొద్దున్నే అసెంబ్లీ. ఓ రోజు వార్తలు చదివే వంతు నాది. మైకు ముందు నిలబడ్డాను. మొదటి వాక్యం సగంలో గొంతు మూసుకుపోయింది, చేతులు చల్లబడ్డాయి, నేల ఒకవైపుకి ఒరిగింది. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. చావలేదు, టీచరు పక్కకు తీసుకెళ్ళి గ్లూకోజు నీళ్ళిచ్చింది. ఆ తర్వాత అసెంబ్లీ అంటే భయం, ఆ తర్వాత బడంటే, ఆ తర్వాత బడి బస్సు హారనంటే. భయం అలిసిపోయిన రోజుల్లో దాని స్థానంలో ఒక బరువు వచ్చి కూర్చునేది. తల దువ్వుకోవడం కూడా పెద్ద ప్రాజెక్టులా అనిపించి, టెండరు వాయిదా వేసేదాన్ని. నాకొచ్చింది ఆందోళన అని డాక్టరు రాశాడు. ఆందోళన అంటే జెండాలు పట్టుకుని రోడ్ల మీద చేసేది మాత్రమే నాకు తెలుసు. అలా చూస్తే మా ఇంట్లో నేనొక్కదాన్నే చేస్తున్నాను, డిమాండ్లేమిటో నాకే తెలియకుండా.

బడికి వెళ్ళక వారాలు గడిచాయి. బడివాళ్ళు ఫోన్ చేసి, ఇలాగే ఉంటే పేరు తీసేయాల్సి వస్తుందన్నారు. నాన్న ఆ సాయంత్రం సేఫ్టీ బూట్లు విప్పకుండానే చెప్పాడు. మిడ్‌టర్మ్ సెలవుల లోపల బడికి పోతే సరే, లేకపోతే ఊరికి, నానమ్మ దగ్గరికి పంపేస్తానన్నాడు. ఆయన కోపంతో అనలేదు. భయపడ్డ మనిషి ప్రమాదాన్ని దూరంగా జరుపుతాడు, ఆయనకు తెలిసిన పద్ధతి అదే. నాకు మాత్రం అమ్మ లేని ఆ ఇల్లు తలుచుకుంటేనే ఊపిరి అందేది కాదు. అప్పుడే డాక్టరు అల్ సద్‌లో పిల్లల గ్రూప్ ఒకటుందని చెప్పి పంపించాడు.

క్లినిక్ ఒక కర్టెన్ల దుకాణం పైన ఉండేది. ప్రతి మంగళవారం సాయంత్రం వెళ్ళేవాళ్ళం. నడిపే ఆవిడ పేరు మిస్ హనాన్, జోర్డాన్ మనిషి, నవ్వితే భుజాలు కదిలేవి. గుండ్రంగా వేసిన కుర్చీల్లో నానా దేశాల పిల్లలం కూర్చునేవాళ్ళం. అందరికీ ఇంగ్లీషు వచ్చు, మాట్లాడడమే ఎవరికీ రాదు. మొదటి రోజు ఒక ఈజిప్టు కుర్రాడు, "ఇక్కడ ఏం చేస్తారు?" అని అడిగితే, మిస్ హనాన్, "భయపడుతూనే పనులు చేయడం నేర్చుకుంటాం" అంది. "భయం పోదా?" "పోతే పోతుంది. పోయేదాకా ఆగితే పనులు ఆగిపోతాయి, హబీబీ." నాకు నచ్చలేదు. నేను భయం వదిలించుకుందామని వస్తే, ఈవిడ దాన్ని చంకనేసుకుని నడవమంటోంది.

అయినా వెళ్ళాను. గుండె దడ మొదలైతే చల్లటి నీళ్ళలో ముఖం ముంచడం నేర్పింది. చుట్టూ కనిపించేవీ వినిపించేవీ పేరు పెట్టి చెప్పుకోవడం నేర్పింది. భయం 'దాక్కో' అంటే, దానికి ఎదురు పని చిన్నది ఒకటి చేయాలనేది. ఇంట్లో బకెట్లో ఐసు ముక్కలేసుకుని ముఖం ముంచుతుంటే అమ్మ తలుపు దగ్గర నిలబడి, "జలుబు జేస్తదే పిల్లా" అని గొణిగేది. నాన్న ఆ బకెట్ పక్కన నేల తడిసిందని గుడ్డ పరిచేవాడు. నెలకోసారి తల్లిదండ్రులను కూడా కూర్చోబెట్టేవారు. అమ్మ ఒక్కతే వచ్చేది, నేను పక్కన కూర్చుని తెలుగులోకి మార్చి చెప్పేదాన్ని. పిల్లల కోసం మీరు దాచేదేదైనా ఉంటే, అది వాళ్ళకు సిగ్గుగా మారుతుందని మిస్ హనాన్ అంటే, దాన్ని మార్చకుండా మింగేశాను. అమ్మ నా ముఖం చూసి అర్థం చేసుకున్నట్టే ఉంది. మెల్లగా నేను బడి బస్సెక్కి గేటు దాకా వెళ్ళి, లోపలికి పోకుండా, అక్కడ కాచుకున్న అమ్మతో తిరిగొచ్చే మెట్టు దాకా వచ్చాను. బస్సులోవాళ్ళు నన్ను పర్యాటకురాలనుకుని ఉంటారు.

ఇక్కడే మెహర్ ఆంటీ ప్రవేశించాలి. ఎదురింటావిడ. వాళ్ళది బోధన్. ఆవిడ తెలుగులో ఉర్దూ, ఉర్దూలో తెలుగు ఒకే గిన్నెలో కలిసి ఉడికేవి. మా రెండిళ్ళ తలుపులూ రాత్రి పడుకునేటప్పుడు తప్ప మూసేవాళ్ళం కాదు. ఆవిడ కూతురు సనా నా క్లాసే, ఎప్పుడూ ఫస్టు. మాట్లాడితే తలదించుకునే పిల్ల, పొడుగు చేతుల చొక్కా, వేళ్ళు చొక్కా చేతుల్లోపలే. మా అమ్మ నన్ను తిట్టాలనుకున్నప్పుడు వాడే ఒకే ఒక్క పదం 'సనా'.

ఓ మంగళవారం మేం టాక్సీ దిగుతుంటే ఆంటీ మెట్ల మీద పట్టుకుంది.

"ఏం పద్మా, సుజ్జి బడికి వస్తలేదని సనా చెప్పింది. బడికి రాదు గానీ మంగళ్‌వార్ మంగళ్‌వార్ టాక్సీల ఎక్కడికో పోతున్నరు. క్యా బాత్ హై?"

"జ్వరం అక్కా" అంది అమ్మ.

"జ్వరానికి బ్యాగెందుకు?"

నా భుజాన ఉన్న బ్యాగును అమ్మ మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. "అదీ... అల్ సద్‌ల ఒక క్లాసుంది. స్కిల్స్ క్లాస్. ఒక మేడమ్ చెప్తది."

"బడి మానిపించి క్లాసుకు పంపుతున్నరా?"

అమ్మ తల ఊపింది. అది 'అవును' కాదు, 'కాదు' కూడా కాదు. కానీ మెహర్ ఆంటీ కళ్ళల్లో ఒక దీపం వెలిగింది. దానికి కారణం ఉంది. అప్పటికే హైదరాబాద్‌లో ర్యాంకు కావాలనుకునే పిల్లల పేరు బడి రిజిస్టర్లో, పిల్ల మాత్రం కోచింగ్ సెంటర్లో ఉండడం ఆనవాయితీ అయిపోయింది. ఆంటీ అన్నకొడుకు అలాగే చదివి ఇంజనీరయ్యాడు. బడి మానిపించారు, బ్యాగుంది, టాక్సీ ఖర్చుకు వెనకాడడం లేదు, ఎవరికీ చెప్పడం లేదు. ఇంకేం కావాలి? ఆవిడ గొంతు తగ్గించి, "ఇంజనీరింగా, మెడిసినా?" అని అడిగింది.

అమ్మ గండం గట్టెక్కిన సంతోషంలో, "ఇంకా తెల్వదక్కా" అనేసింది.

మెహర్ ఆంటీకి ఒక సంగతి తెలిస్తే, అది వినని చెవులు మా వీధిలో మిగిలేవి కావు. వారం తిరక్కుండా నాన్న సైట్లో జగిత్యాల ఫోర్‌మన్ ఒకాయన, "అన్నా, గింత దాస్తరా? మా పిల్లగానికి గూడ ఓ సీటు చూడరాదే" అన్నాడట. నాన్న ఏ సీటని అడిగితే, ఆయన కన్నుకొట్టి, "సరే తియ్, నువ్వు చెప్పవ్" అని వెళ్ళిపోయాడట. మరో రెండు రోజులకు ఊరి నుంచి నానమ్మ ఫోన్.

"బిడ్డా సుజాతా, దుబాయ్ల డాక్టర్ సదువు మొదలువెట్టినవట గద! ఊరంత చెప్పిన."

"నానమ్మా, ఇది ఖతర్."

"ఏదైతేంది, దుబాయే గద. తెల్లకోటు ఇచ్చిన్రా ఇంకా?"

ఆ ఫోన్ పెట్టేశాక నాన్నకు సంగతి చెప్పాను. ఊళ్ళో 'ఆ పిల్లకు దుబాయ్ల పిచ్చి లేసిందట' అంటారేమోనని ఆయన భయపడ్డాడు. ఇప్పుడు ఊరు డాక్టరంటోంది. ఆయన వృత్తిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఎత్తు నుంచి పడడం.

"ఇంత ఎత్తుకు ఎక్కిచ్చినవ్ పద్మా. ఇప్పుడు సంగతి బయటపడితే ఎముక మిగలదు. వచ్చే వారమే ఆఖరు. ఆ మేడమ్‌కు చెప్పి రా. ఖలాస్. సుజ్జిని మా అమ్మ దగ్గరికి పంపుదాం, గాలి మారితే అదే బాగైతది."

"డాడీ, నేను గేటు దాకా పోయిన" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"గేటు దాకా ఎవరైన పోతరమ్మా" అన్నాడు. నాకు తెలిసిన వాళ్ళలో అది అందరికన్నా కష్టపడి సాధించింది నేనే.

ఆ మంగళవారం క్లినిక్ మెట్లెక్కి తలుపు తీసేసరికి, వెయిటింగ్ హాల్లో సోఫా మీద మెహర్ ఆంటీ! కొత్త దుపట్టా, ఒళ్ళో ప్లాస్టిక్ కవర్లు వేసిన మార్కుల ఫైలు, పక్కన ఖుబానీ కా మీఠా డబ్బా. ఆ పక్కన సనా, చేతులు చొక్కా లోపల. మమ్మల్ని తెచ్చే టాక్సీ డ్రైవర్నే అడిగి వచ్చిందట. రిసెప్షన్ అమ్మాయి అప్పటికే అలిసిపోయి ఉంది.

"చూడు మేడమ్, ఒకటో క్లాసు నుంచి ఫస్టే. మెరిట్ మీద సీటియ్యండి."

"సమస్య ఏమిటో చెప్పండి, అమ్మాయికి?"

"సమస్యా? మాఫీ ముష్కిల్, ఏ సమస్యా లేదు! అదే కదా చెప్తున్న!"

గొడవకు మిస్ హనాన్ బయటికొచ్చింది. అప్పుడే ఆంటీ మమ్మల్ని చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"సీట్లు నిండిపోతయనే నాకు చెప్పలేదు కదా పద్మా? ఇన్నేండ్ల నుంచి నా ఇల్లు నీ ఇల్లు అనుకున్న. సనా చదివితే నీ బిడ్డ ర్యాంకు పోతదా?" కళ్ళు తుడుచుకుంది. ఆవిడకు దుఃఖమొచ్చింది సీటు కోసం కాదు, మేం దాచినందుకు.

అమ్మకు దారి సిద్ధంగా ఉంది. సీట్లు నిండిపోయాయక్కా అంటే చాలు. మేం ఎలాగూ మానేయడానికే వచ్చాం, ఆ అబద్ధం మాతోపాటే ఊరికి పోయేది. అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. నాకు ఆమె గుండె దడ వినిపిస్తున్నట్టే ఉంది, ఆ దడ నాకు బాగా పరిచయం.

"అక్కా, ఇది కోచింగ్ గాదు" అంది. "ఇక్కడ సదువు చెప్పరు. నా బిడ్డకు బడికి పోవాలంటే గుండె కొట్టుకుంటది, ఊపిరాడదు. ఒకొక్కనాడు మంచం దిగది, తిండి తినది. జ్వరం లేదు, టైఫాయిడ్ లేదు, అంత నేనే అల్లిన. ఇట్లాంటి పిల్లలకు ధైర్యం నేర్పే జాగ ఇది. నీకు చెప్తే ఏమనుకుంటవో అని చెప్పలే. అంతే అక్కా."

మెహర్ ఆంటీ ఫైలు మూసింది. "యా అల్లా" అంది నెమ్మదిగా. "ఇన్ని దినాలు ఒక్కదానివే మోసినవా? ఎదురింట్ల నేను సచ్చిన్నా?" అని అమ్మ చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది. తర్వాత లేచి డబ్బా అందుకుని, "మాఫ్ కరో మేడమ్, తప్పు చోటికి వచ్చినం. చల్ సనా" అంది.

సనా లేవలేదు. నేల చూస్తూనే మిస్ హనాన్‌ని ఇంగ్లీషులో అడిగింది. "ఫస్ట్ వచ్చేవాళ్ళని కూడా తీసుకుంటారా?"

"కైకు రీ? నీకేం తక్కువ?" అంది ఆంటీ.

"అమ్మీ, పరీక్ష అంటే ప్రతిసారి నాకు వాంతి అయితది. బాత్రూం నల్లా తిప్పి పెడ్త, నీకు వినిపించొద్దని." చొక్కా చేతుల్లోంచి వేళ్ళు బయటికి వచ్చాయి. గోళ్ళు లేవు, కొరికి కొరికి వేళ్ళ చివర్లు పచ్చిగా ఉన్నాయి. ఎవరికీ కనపడకూడదని దాచుకున్న వేళ్ళవి. ఇన్నేళ్ళూ మా అమ్మ నన్ను తిట్టింది ఈ వేళ్ళతో పోల్చి.

ఆంటీ డబ్బా పక్కన పెట్టి మళ్ళీ సోఫాలో కూర్చుని, సనా వేళ్ళు తన చేతుల్లోకి తీసుకుంది. బయటి తిండి లోపలికి తేకూడదని మిస్ హనాన్ పెట్టిన రూలు గోడ మీద అతికించి ఉంది. ఆ రూలు పెట్టిన ఆవిడే ఆ కాగితం వైపు వీపు పెట్టి నిలబడి, డబ్బా మూత తీసి, "యల్లా, ముందు ఇది తిందాం, తర్వాత మాట్లాడదాం" అంది.

ఆ సాయంత్రం నాన్న బూట్లు విప్పుతూ అంతా విన్నాడు. "అంటే ఎవరికి తెల్సింది?" అన్నాడు. "మెహర్ అక్కకు" అంది అమ్మ. ఆయన రెండో బూటు లేసు విప్పడం ఆపి, "అయితే ఇగ దాచేటందుకు ఏం మిగల్లే. పోనియ్ సుజ్జిని" అన్నాడు. ఊరికి టికెట్ మాట మళ్ళీ ఎత్తలేదు. తర్వాతి నెల తల్లిదండ్రుల రోజున స్వయంగా వచ్చి, గదంతా పరికించి, అగ్నిప్రమాదం జరిగితే అందరూ చేరే అసెంబ్లీ పాయింట్ ఎక్కడని మిస్ హనాన్‌ని అడిగాడు. ప్రమాదమొస్తే ఆయన మనుషులు పరుగెత్తేది అసెంబ్లీ వైపు. నేను పరుగెత్తేది అసెంబ్లీ నుంచి. తండ్రీకూతుళ్ళం అంత దూరంలో ఉండేవాళ్ళం.

అందరూ మంచివాళ్ళైపోయారని చెప్పను. ఒకరిద్దరు వాళ్ళ పిల్లల్ని మా ఇంటికి పంపడం మానేశారు. ఫోర్‌మన్ అన్న సీటడగడం మానేశాడు. స్నేహితురాలి కూతురు లిఫ్టెక్కి వెళ్ళిపోయిన ఆ శుక్రవారం, ఇదంతా తలుచుకుని కాస్త అసూయపడ్డాను. ఆ పిల్ల కోసం ఎవరూ టైఫాయిడ్ సృష్టించనక్కర్లేదు. కానీ పెరుగుపచ్చడి అడిగిన పెద్దాయన 'మంచిదమ్మా' అన్నాక ఇంకొక్క ప్రశ్న కూడా వేయలేదు కదా అని కూడా అనిపించింది. మాట ఇప్పుడు తేలికైంది, మంచిదే. పిల్ల మనసు కూడా తేలికైందో లేదో, ఎదురింటి నుంచి ఏడ్చుకుంటూ వచ్చి అడిగే మనుషులు కావాలి. మెహర్ ఆంటీ తప్పుగా వచ్చింది, తప్పు చోటికి వచ్చింది, తప్పు ఫైలు పట్టుకొచ్చింది. అయినా వచ్చింది.

మిడ్‌టర్మ్ సెలవులకు ఇంకా కొద్ది రోజులుండగా, నేను గేటు దాటి అసెంబ్లీలో నిలబడ్డాను. చివరి వరసలో, తలుపు పక్కన. మంగళవారాల్లో లాగే సనా నా పక్కన. గుండె కొట్టుకుంటూనే ఉంది, నేను భయాన్ని చంకనేసుకునే నిలబడ్డాను. ఏదో పోటీలో గెలిచిందని సనాను స్టేజి మీదకు పిలిచారు. వెళ్ళింది, సర్టిఫికెట్ అందుకుంది, తిరిగొచ్చి నా చెవిలో, "వాంతి రాలే" అంది. "నేను పారిపోలే" అన్నాను. ఎందుకో ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆపుకుందామనుకుంటే ఇంకా ఎక్కువైంది, ప్రిన్సిపాల్ ప్రసంగం మధ్యలో గట్టిగా వినిపించింది. క్లాస్ టీచరు వరసల మధ్య నుంచి విసవిసా వచ్చి మా ఇద్దర్నీ తలుపు వైపు చూపించి, "అసెంబ్లీ లోంచి బయటికి పొండి" అంది. నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పుడిప్పుడే వచ్చాను, అప్పుడే పొమ్మంటుందేమిటి?